పోటీకి పంపిన ఫొటో క్లబ్బు సొత్తవుతుందా?

ప్రశ్న: లాయర్ గారికి నమస్కారం. నేనొక అమెచ్యూర్ ఫొటోగ్రఫీ క్లబ్బులో సభ్యుణ్ణి. మా క్లబ్బు నెలకో థీమ్ ఇచ్చి పోటీ పెడుతుంది. మొన్నటి థీమ్ ‘నీడలు’. గోడ మీద పడ్డ సైకిల్ నీడ, దాని పక్కగా నడిచి వెళ్తున్న ఒక పిల్లవాడు ఉన్న నా ఫొటోకు మొదటి బహుమతి ప్రకటించారు. వారం తిరక్కుండానే ఒక సభ్యుడు అభ్యంతరం చెప్పారు. ఫ్రేములో పైన అడ్డొచ్చిన కరెంటు తీగను నేను ఎడిటింగులో తీసేసిన మాట నిజమే. నిబంధనల్లో ‘చిన్నపాటి సవరణలు తప్ప ఎడిటింగ్ కూడదు’ అని ఉంది. కమిటీ నన్ను ఒక్క మాటైనా అడక్కుండా బహుమతి రద్దు చేసి, రెండో స్థానంలో ఉన్నాయనకు ఇచ్చేసింది. ఆయన కూడా కమిటీలో సభ్యుడే. ఈలోగా అదే ఫొటోను కత్తిరించి, నా పేరు వేయకుండా, పోటీకి స్పాన్సర్ అయిన కంపెనీ పోస్టర్‌లో వాడారు. ఇదేంటని అడిగితే, ‘పంపిన ఫొటోలన్నీ క్లబ్బుకే చెందుతాయని ఎంట్రీ ఫారంలో ఉంది, మీరు టిక్కు పెట్టారుగా’ అంటున్నారు. నాకు ఏమైనా హక్కు ఉందా? పదిహేనేళ్ల మా అమ్మాయి కూడా జూనియర్ విభాగానికి ఫొటో పంపింది. తనకూ ఇదే వర్తిస్తుందా?

జవాబు: మీ ఉత్తరంలో రెండు గొడవలు కలిసిపోయాయి. ఒకటి బహుమతిది, ఇంకొకటి ఫొటోది. బహుమతి విషయంలో మీ వాదన సగమే నిలబడుతుంది. ఫొటో విషయంలో మాత్రం ఇరుక్కున్నది మీరు కాదు, క్లబ్బువాళ్లు. మీ బాధంతా బహుమతి మీదే ఉన్నట్టుంది కానీ, నేను ఫొటోతోనే మొదలుపెడతాను.

మన కాపీరైట్ చట్టం, 1957 ప్రకారం ఫొటో కూడా ఒక కళాకృతి. అందులో కళ ఎంతుందో చట్టం చూడదు. ఫొటో తీసినవారే దాని కర్త, మామూలుగా మొదటి హక్కుదారు కూడా వారే. రిజిస్టర్ చేయించకపోయినా ఈ హక్కు ఉంటుంది. మీ జీవితకాలం, ఆ తర్వాత మరో 60 ఏళ్లు నిలుస్తుంది. డబ్బిచ్చి ఎవరైనా తీయించుకున్న ఫొటోలకు, ఉద్యోగంలో భాగంగా తీసిన ఫొటోలకు లెక్క వేరు. సరదాకొద్దీ మీ కెమెరాతో మీరు తీసుకున్నదానికి ఆ మినహాయింపులు అంటవు. ‘థీమ్ మేమిచ్చాం కదా’ అని కమిటీలో ఎవరైనా అనొచ్చు. థీమ్ అనేది ఆలోచన మాత్రమే, ఆలోచనకు కాపీరైట్ లేదు. ఏ గోడ, ఏ వెలుగు, పిల్లవాడు ఏ అడుగు వేస్తున్నప్పుడు అన్నది నిర్ణయించింది మీరు.

ఇక టిక్కు సంగతి. కాపీరైట్‌ను ఒకరి నుంచి ఇంకొకరికి రాసివ్వాలంటే ఏం కావాలో 19వ సెక్షన్ చెబుతుంది. రాతపూర్వకంగా ఉండాలి, ఇచ్చేవారి సంతకం ఉండాలి, ఏ కృతి, ఏ హక్కులు, ఎంత కాలానికి, ఏ ప్రాంతానికి, ఏం ప్రతిఫలానికి అన్నది స్పష్టంగా ఉండాలి. మీ ఫారంలో ఉన్నది ‘చెందుతాయి’ అన్న ఒక్క వాక్యం. మీ ఫొటో పేరైనా అందులో లేదు. ఒట్టి టిక్కు సంతకం అవుతుందా అంటే, ఐటీ చట్టం, 2000 ఎలక్ట్రానిక్ సంతకాన్ని గుర్తించింది కానీ దానికంటూ ఒక పద్ధతి పెట్టింది. గడిలో పెట్టిన టిక్కు ఆ పద్ధతి కిందికి రాదనే నా అభిప్రాయం. క్లబ్బు తరఫు లాయరు కాదనొచ్చు, వాదించుకోవచ్చు. ఒకవేళ ఆయనే గెలిచాడనుకున్నా, ‘ఎప్పటికీ మాదే’ అన్నది నడవదు. కాలం రాయకపోతే 5 ఏళ్లు అనే లెక్క. ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే. హక్కు రాయించుకున్నవారు ఏడాది లోపు దాన్ని వాడుకోకపోతే, ఒప్పందంలో వేరేగా లేని పక్షంలో అది రద్దయిపోతుంది.

అలాగని టిక్కుకు విలువే లేదని అనను. మహా అయితే దాన్ని ఒక అనుమతిగా, అంటే లైసెన్సుగా చూడొచ్చు. లైసెన్సు కూడా రాతలోనే ఉండాలి, పైన చెప్పిన షరతులు చాలావరకు దానికీ వర్తిస్తాయి. క్లబ్బు గోడ మీద పెట్టుకోవడం, ఫలితాల ప్రకటనలో వేయడం, ఎగ్జిబిషన్ పుస్తకంలో అచ్చువేయడం ఆ అనుమతిలో ఉన్నాయంటే నేను ఒప్పుకుంటాను. పేరున్న ఫొటోగ్రఫీ సంస్థల పద్ధతి కూడా ఇదే. ఫొటోగ్రాఫిక్ సొసైటీ ఆఫ్ అమెరికా గుర్తింపుతో జరిగే ఎగ్జిబిషన్లలో, ఎంట్రీ పంపినవారు ఆ ఎగ్జిబిషన్‌కు సంబంధించిన ప్రచురణకు, ప్రదర్శనకు మాత్రమే అనుమతి ఇస్తారు. స్పాన్సర్ కంపెనీ సరుకు అమ్ముకోవడానికి వేసిన పోస్టర్ ఆ గీత దాటింది. క్లబ్బు దగ్గర లేని హక్కును క్లబ్బు ఇంకొకరికి ఎలా ఇస్తుంది?

ఇంతకన్నా గట్టి ఆయుధం మీ దగ్గర ఇంకొకటి ఉంది, 57వ సెక్షన్. హక్కులన్నీ రాసిచ్చేసినా, ‘ఇది నా కృతి’ అని చెప్పుకునే హక్కు కర్తకు మిగులుతుంది. తన పేరుకు, గౌరవానికి భంగం కలిగేలా కృతిని నరికినా మార్చినా అడ్డుకునే హక్కు కూడా మిగులుతుంది. శిల్పి అమర్‌నాథ్ సెహగల్ విజ్ఞాన్ భవన్ కోసం చేసిన కుడ్యశిల్పాన్ని ప్రభుత్వం ఊడదీసి గోదాములో పడేస్తే, 2005లో ఢిల్లీ హైకోర్టు ఆయన పక్షాన తీర్పిచ్చింది. డబ్బిచ్చి చేయించుకున్న ప్రభుత్వమే తప్పించుకోలేకపోయింది. మీ పోస్టర్‌లో పేరు వేయకపోవడం సూటిగా ఈ సెక్షన్ కిందికే వస్తుంది. కత్తిరింపు సంగతి కొంచెం చూసి చెప్పాలి. అంచులు కాస్త తగ్గిస్తే కోర్టు పట్టించుకోకపోవచ్చు. పిల్లవాణ్ణి పూర్తిగా తీసేసి సైకిల్ నీడ మీద కంపెనీ నినాదం అచ్చేస్తే అది వేరే ఫొటో అయినట్టే. ఇంకో మాట. మీ పేరును ఫైలు సమాచారంలో చేర్చి ఉంచి, దాన్ని ఎవరైనా తెలిసి తెలిసీ తుడిచేస్తే, 65బి సెక్షన్ కింద అది విడిగా నేరం, రెండేళ్ల దాకా జైలు. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఆ గడి నింపడానికి నిమిషం పట్టదు, అయినా చాలామంది నింపరు.

మీరు అడగని ప్రశ్న ఒకటుంది. ఆ పిల్లవాడి అమ్మానాన్నల అనుమతి ఎవరైనా తీసుకున్నారా? వీధిలో తీసిన ఫొటో పోటీలో పెట్టడం ఒక ఎత్తు, ముఖం గుర్తుపట్టేలా కంపెనీ ప్రకటనలో వేయడం ఇంకో ఎత్తు. గోప్యత ప్రాథమిక హక్కని 2017లో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం తేల్చింది. రేపు ఆ తల్లిదండ్రులు అభ్యంతరం చెబితే కంపెనీ క్లబ్బును చూపిస్తుంది, క్లబ్బు మిమ్మల్ని చూపిస్తుంది. కాబట్టి పోస్టర్‌కు మీ అనుమతి లేదని వెంటనే రాతలో పెట్టడం మీ రక్షణకే అవసరం.

ఇప్పుడు బహుమతి. పోటీ నిబంధనలు కూడా ఒప్పందమే. వాళ్లు షరతులు ప్రకటించారు, మీరు ఎంట్రీ పంపి ఒప్పుకున్నారు. భారత కాంట్రాక్టు చట్టం, 1872 దీనికి వర్తిస్తుంది. ఏ ఫొటో బాగుంది అన్న జడ్జీల అభిరుచిలోకి ఏ కోర్టూ తల దూర్చదు. ‘న్యాయనిర్ణేతలదే తుది నిర్ణయం’ అన్న వాక్యానికి అంతవరకు బలముంది. ఆ వాక్యాన్ని అడ్డుపెట్టుకుని కోర్టుకే వెళ్లొద్దంటే మాత్రం కుదరదు, అలాంటి షరతు 28వ సెక్షన్ కింద చెల్లదు. సభ్యుల క్లబ్బుల విషయంలో కోర్టులు చూసేది కొద్దిపాటి సంగతులే. సొంత నిబంధనలను పాటించారా, నిజాయతీగా వ్యవహరించారా, ఎదుటివారి మాట విన్నారా. మీ విషయంలో మాట వినలేదు. పైగా, మీ బహుమతి పోతే లాభపడే మనిషి కమిటీలోనే ఉన్నారు. తన వ్యవహారంలో తానే తీర్పరి కాకూడదన్నది సహజ న్యాయంలో మొదటి పాఠం. ఆ రోజు ఆయన చర్చలో కూర్చున్నారో, లేచి బయటికి వెళ్లారో కమిటీ సమావేశాల వివరాలు రాసే మినిట్స్ పుస్తకంలో చూడండి. సభ్యుడిగా అడిగి చూడొచ్చు.

అయితే కరెంటు తీగ మిమ్మల్ని వదలదు. ‘చిన్నపాటి’ అంటే ఎంత అన్నది నిబంధనలో లేదు. అస్పష్టంగా ఉన్న షరతును రాసినవారికి వ్యతిరేకంగానే అర్థం చెప్పుకోవాలన్న సూత్రం మీకు పనికొస్తుంది. కానీ ఫొటోగ్రాఫర్లలో సగం మంది ‘వెలుతురు, కాంట్రాస్ట్, క్రాప్ (అంచుల కత్తిరింపు) వరకే చిన్నవి, ఫ్రేములో ఉన్న వస్తువును తీసేయడం పెద్దదే’ అంటారు, ఆ మాటా తప్పు కాదు. ప్రకృతి విభాగానికి అంతర్జాతీయ ఫొటో కళా సమాఖ్య అయిన ఫియాప్, ఫొటోగ్రాఫిక్ సొసైటీ ఆఫ్ అమెరికా, బ్రిటన్‌లోని రాయల్ ఫొటోగ్రాఫిక్ సొసైటీ కలిసి పెట్టుకున్న నిర్వచనంలో, క్రాప్ చేయడం ద్వారా తప్ప ఫొటోలోని దేన్నీ తీసేయకూడదు, చేర్చకూడదు, జరపకూడదు. ధూళి మచ్చలు తుడుచుకోవచ్చు. ఆ కొలత ప్రకారం మీ తీగ కచ్చితంగా తప్పే. కానీ అది ప్రకృతి విభాగానికి పెట్టిన కొలత. ‘నీడలు’ లాంటి థీమ్‌కు మీ క్లబ్బు ఏ కొలతా చెప్పలేదు. మీరు నిలబడగలిగేది అక్కడే.

విచారణ అంటే ఎలా ఉండాలో చూడాలంటే లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియం వారి వన్యప్రాణి ఫొటో పోటీని చూడండి. 2017లో గెలిచిన ఒక ఫొటోలో, రాత్రి వేళ చెదపుట్ట దగ్గరికి వచ్చిన చీమలు తినే జంతువు నిజానికి గడ్డి కూరిన బొమ్మ అని ఆరోపణ వచ్చింది. మ్యూజియం నిపుణుల చేత పరిశీలన చేయించింది, ఫొటోగ్రాఫర్ నుంచి వివరణ, అసలు ఫైళ్లు తీసుకుంది. ఆయన ఇచ్చిన మిగతా ఫ్రేముల్లో ఆ జంతువు ఎక్కడా లేదు. ఆయన ఆరోపణ ఒప్పుకోలేదు, అయినా 2018లో బహుమతి రద్దయింది. అడిగి, విని, చూసి రద్దు చేశారు కాబట్టి ఆ నిర్ణయం నిలబడింది. మీ కమిటీ ఆ మూడింట్లో ఒక్కటీ చేయలేదు.

కాబట్టి బహుమతి కోసం కోర్టుకు వెళ్లమని నేను చెప్పను. మీ మాట విననందుకు నిర్ణయాన్ని కొట్టేసినా, కోర్టు మీకు బహుమతి ఇప్పించదు. మళ్లీ విచారించండి అంటుంది. వాళ్లు ఈసారి పిలిచి, విని, అదే రద్దు చేయొచ్చు. అధ్యక్షులకు ఒక లేఖ రాయండి. ఎడిట్ చేయని అసలు ఫైలు జతచేసి, ఏం చేశారో దాచకుండా చెప్పి, ఆ రెండో స్థానం సభ్యుడు లేకుండా అప్పీలు వినమని అడగండి. దాచారన్న మాట పడితే అక్కడితో మీ పని అయిపోయినట్టే.

మీ అమ్మాయి విషయం తేలిక. 18 ఏళ్లు నిండనివారు చేసుకున్న ఒప్పందం మొదటి నుంచే చెల్లదని, బ్రిటిష్ పాలనలో మనకు ఆఖరి అప్పీలు కోర్టైన ప్రివీ కౌన్సిల్ 1903లోనే మొహరీ బీబీ కేసులో చెప్పింది, నేటికీ అదే చట్టం. తను పెట్టిన టిక్కుతో క్లబ్బుకు ఏ హక్కూ రాదు. ఫొటో మీద కాపీరైట్ మాత్రం తనదే, దానికి వయసుతో పనిలేదు. గెలిస్తే బహుమతి తీసుకోవడానికి అడ్డేమీ లేదు. తన ఫొటోను ఎక్కడైనా వాడుకోవాలంటే క్లబ్బు మీ చేత సంతకం పెట్టించుకోవాలి. పెట్టే ముందు ఎక్కడ, ఎన్నాళ్లు, తన పేరు వేస్తారా అన్న మూడు ప్రశ్నలకు జవాబు కాగితం మీద ఉండేలా చూడండి.

పోస్టర్ విషయంలో మెతకగా ఉండొద్దు. ముందు ఆధారాలు చేతిలో పెట్టుకోండి. పోస్టర్ ఉన్న చోట తేదీ తెలిసేలా ఫొటో, ఎంట్రీ ఫారం స్క్రీన్‌షాట్ (రేపు మార్చేయొచ్చు), కెమెరా నుంచి వచ్చిన అసలు ఫైలు, దానికి ముందూ వెనకా తీసిన ఫ్రేములు. ఆ పక్క ఫ్రేములు మీ దగ్గర తప్ప ఇంకెవరి దగ్గరా ఉండవు. తర్వాత క్లబ్బు కార్యదర్శికీ, కంపెనీకీ విడివిడిగా స్పీడ్ పోస్టులో లేఖ పంపండి. వాడకం ఆపమని, ఎన్ని పోస్టర్లు ఎక్కడ వేశారో చెప్పమని, పరిహారం సంగతి తేల్చమని పదిహేను రోజుల గడువివ్వండి. నా అనుభవంలో ఇలాంటివి చాలావరకు కంపెనీ లేఖ అందుకున్న దగ్గరే తెగిపోతాయి. వాళ్లకు మీ క్లబ్బు రాజకీయాలతో పనిలేదు, పోస్టర్ దించేస్తే సరిపోతుందనుకుంటారు. కాపీరైట్ ఉల్లంఘనకు 63వ సెక్షన్ కింద ఆరు నెలల నుంచి మూడేళ్ల వరకు శిక్ష ఉన్న మాట నిజమే. అయినా తోటి సభ్యుల మీద పోలీసు కంప్లయింట్‌తో మొదలుపెట్టకండి. ముందు సివిల్ దారి చూడండి.

లేఖకు జవాబు రాకపోతే మీరు నివసించే చోటి జిల్లా కోర్టులోనే దావా వేయొచ్చు, 62వ సెక్షన్ ఆ వెసులుబాటు ఇచ్చింది. క్లబ్బు రిజిస్టర్డ్ సొసైటీయో కాదో ముందే కనుక్కోండి. కాకపోతే దావాలో క్లబ్బు పేరు సరిపోదు, బాధ్యులైన కమిటీ సభ్యుల పేర్లు పెట్టాల్సి వస్తుంది. ఉల్లంఘన జరిగిన నాటి నుంచి మూడేళ్ల లోపు పరిహారం కోరాలి.