కథలు రాసేవాళ్లు డైరీ పెట్టుకోవాలా? పెట్టుకుంటే ఏం రాయాలి?

కథలు రాయాలని ఉంది, డైరీ మొదలుపెడితే పది రోజుల్లోనే ఆగిపోతోంది, అసలు రచయితకు డైరీ అవసరమా అని అడిగారు. నా మటుకు నాకు అవసరమే. మాది కందుకూరు వైపు పల్లెటూరు, పొగాకు సాగుచేసే ఇల్లు. నా కథల్లో బాగున్నాయని చదివినవాళ్లు చెప్పిన మాటలు చాలావరకు నోటుపుస్తకంలోంచి తీసినవే.

ముందు ఆ తేదీలు అచ్చేసిన డైరీ పక్కన పెట్టేయండి. నాలుగు పేజీలు ఖాళీగా పోతే మనసు చివుక్కుమంటుంది, ఇక దాన్ని తెరవబుద్ధి కాదు. మామూలు రూళ్ల పుస్తకం కొనుక్కుని, రాసిన రోజు మీరే తేదీ వేసుకోండి. ఒక్క వాక్యమే రాసినా సరే.

అసలు సంగతి ఏం రాయాలన్నది. పొగాకు వేలం కేంద్రానికి వెళ్లిన ఒక రోజు నేను రాసుకున్నది ఇది (బేలు అంటే పొగాకు మూట, నోబిడ్ అంటే దాన్ని వేలంలో ఎవరూ పాడుకోకపోవడం):

"మధ్యాహ్నం, ఎండ. ఒకాయన బేలుకు నోబిడ్. గోనెపట్టా విప్పాడు, ఆకు రెండు వేళ్లతో నలిపి వాసన చూసుకున్నాడు, మళ్లీ కట్టాడు. పక్కనున్నాయన: ఆకేం మారదు మావా, రేపటికి కొనేవాడి మనసు మారిద్దేమో."

ఇక్కడ "రైతుల కష్టం చూసి గుండె తరుక్కుపోయింది" అని రాసి ఉంటే, తర్వాత కథ రాయడానికి కూర్చున్నప్పుడు అందులోంచి నాకు ఏమీ దొరికేది కాదు. నలిపిన ఆకూ ఆ మాటా ఉన్నాయి కాబట్టే ఆ మనిషి మళ్లీ కళ్లముందుకొచ్చాడు. బాధ రాయొద్దని కాదు. దేన్ని చూసి బాధ కలిగిందో అది ముందు రాయండి.

పనులు ఎలా చేస్తారో కూడా రాసుకోండి. బ్యారన్‌లో, అంటే పచ్చి పొగాకును వేడితో ఆరబెట్టే గదిలో, ముందు ఆకు పసుపు తిరగాలి, తర్వాత ఆకు ఆరాలి, ఆఖరున ఈనె ఆరాలి. ఒక్కో దశకు వేడి పెంచుకుంటూ పోతారు, అంతా అయ్యేసరికి వారం దగ్గర పడుతుంది. మా నాయన ఈనెను చెవి దగ్గర పెట్టుకుని విరిచేవాడు. టప్పుమంటే ఆరినట్టు, వంగితే ఇంకా పచ్చి ఉన్నట్టు. ఇప్పుడు నాయన లేడు, అడిగి తెలుసుకుందామన్నా వీలు లేదు. ఆ పేజీ ఉంది.

తేదీ, ఊరు, వాతావరణం మాత్రం మరవొద్దు. మా వైపు పొగాకు నాట్లు అక్టోబరు, నవంబరుల్లో పడతాయి, బ్యారన్‌లో ఆకు కాల్చేది, అంటే ఆరబెట్టేది, ఇంచుమించు జనవరి నుంచి మార్చి దాకా. తేదీ లేని ముక్కను తీసుకెళ్లి కథలో దీపావళి నాడు బ్యారన్ మండించారనుకోండి, ఇక్కడి పాఠకుడు ఆ తర్వాత మీరేం చెప్పినా నమ్మడు.

తెలుగులో దీనికి ఎప్పటిదో ఉదాహరణ ఉంది. ఏనుగుల వీరాస్వామి 1830 మేలో మద్రాసు నుంచి కాశీకి బయల్దేరి, 1831 సెప్టెంబరులో తిరిగొచ్చేదాకా మజిలీలు, దారులు, నదులు, ఊళ్లలో దొరికే వస్తువులు రాస్తూ పోయాడు. అదే 1838లో కాశీయాత్ర చరిత్రగా అచ్చయింది. ఆయన మనోభావాలు మాత్రమే రాసుకుని ఉంటే ఈ రోజు మనకు అంత పనికొచ్చేది కాదని నా అభిప్రాయం.

బస్సులో విన్న మాటను ఫోన్‌లో కొట్టుకోవచ్చు, నేనూ అదే చేస్తాను. కానీ ఆ రాత్రే పుస్తకంలోకి ఎక్కించండి. ఎక్కించేటప్పుడు ఆ మాట అన్నామె చేతిసంచి, పక్కన నిద్రపోతున్న పిల్లాడు గుర్తొస్తారు. మర్నాటికి అవి ఉండవు. నెలకోసారి పాత పేజీలు తిరగేసి, పనికొచ్చే మాట ఏ పేజీలో ఉందో చివరి అట్ట లోపల రాసుకుంటే వెతుకులాట తప్పుతుంది.

ఇంట్లో ఎవరైనా చదువుతారేమోనన్న టెన్షన్ ఎవరికైనా ఉంటుంది. పదిమంది తిరిగే ఇంట్లో బీరువా తాళం ఎవరి చేతిలోనైనా పడొచ్చు. అలాగని బంధువుల పొలం తగాదాలు, పెళ్లిళ్లలో అలకలు వదిలేస్తే రాయడానికి మిగిలేది తక్కువ. నేను పేర్లకు బదులు వాళ్లకు సంబంధం లేని అక్షరాలు వేస్తాను. కథలోకి తెచ్చేటప్పుడు ఊరు, వృత్తి, వావి మార్చేస్తాను. పిన్ని అన్న మాట పక్కింటి ముసలాయన నోట్లో పెడతాను. మాట యాస మాత్రం అక్షరం మార్చను.