టికెట్ ధర మీద కాదు, తేడా మీద ఫిర్యాదు చేయండి

ప్రశ్న: మాది నల్గొండ. మా ఆయన ఆటో నడుపుతారు, నేను ఇంట్లో మిషన్ కుడతాను. పిల్లలు రెండేళ్లుగా పోరుపెడుతుంటే 2024 మే 26న హైదరాబాద్ శివారులోని ఓ వినోద పార్కుకు తీసుకెళ్లాం. మా మరిది తన ఫోన్‌లో టికెట్లు తీశాడు. పెద్దలకు రూ.1,299, పిల్లలకు రూ.1,049 అని ఉంది. నలుగురికీ రూ.4,696 అనుకుంటే, చివరికి రూ.5,961 పోయింది. అందులో జీఎస్టీ రూ.845, కన్వీనియన్స్ ఫీజు రూ.120, మేం అడగని లాకరు రూ.300. గేటు దగ్గర పెద్దోణ్ని బూట్లతోనే కొలిచి, 140 సెంటీమీటర్లు దాటాడు, పెద్దల టికెట్టేనని ఇంకో రూ.295 తీసుకున్నారు. లోపల రూ.20 నీళ్ల సీసా రూ.50. బిల్లులు పారేశాం. మాలాంటివాళ్లం ఇక పార్కు మొహం చూడలేమా? ఇంతింత ధరలు పెట్టొచ్చా? మొత్తం సొమ్ము, రూ.5 లక్షల పరిహారం వస్తాయా? 'సర్వీసు అందలేదు' అని బ్యాంకులో రాసిస్తే డబ్బు వెనక్కొస్తుందని మరిది అంటున్నాడు.
- ఎస్.ఆర్., నల్గొండ

జవాబు: ధర ఎంత పెట్టాలన్నది పార్కు యాజమాన్యం ఇష్టం. సినిమా టికెట్‌కైతే ప్రభుత్వం జీవో ఇచ్చి ఇంతకు మించొద్దంటుంది. వినోద పార్కులకు అలాంటి జీవో లేదు. 'ఖరీదెక్కువ' అన్న ఒక్క మాటతో వినియోగదారుల కమిషన్‌కు వెళితే ఫిర్యాదును విచారణకు తీసుకోకుండానే తిప్పి పంపుతారు. రూ.4,696 మీరు చూసి, ఒప్పుకొని కట్టినది. దాన్ని పక్కన పెట్టండి. చూపిన ధరకూ తీసుకున్న సొమ్ముకూ మధ్య ఉన్న తేడాలోనే మీ కేసు ఉంది.

ఆ తేడాలోనూ అంతా మీది కాదు. జీఎస్టీ ప్రభుత్వానికి పోతుంది, దాన్ని వెనక్కి అడగకండి. మొదటి పేజీలో ధర పక్కన 'పన్ను అదనం' అని లేకపోతే ఆ విషయం మాత్రం రాయండి. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరు 30న, ఆన్‌లైన్‌లో కొనేవాళ్లను మాయచేసే పద్ధతుల (డార్క్ ప్యాటర్న్స్) మీద మార్గదర్శకాలు తెచ్చింది. అందులోని 13 మాయల్లో రెండు మీకు సరిపోతాయి: అడగని వస్తువును బిల్లులో కలపడం, ధరలో కొంత ముందు దాచి చివర్లో బయటపెట్టడం. లాకరు మొదటిది, కన్వీనియన్స్ ఫీజు రెండోది. ఇక్కడ మీ మరిదిని ఒక్కటే అడగండి. లాకరు గడిలో టిక్కు అతను పెట్టాడా, ముందే పెట్టి ఉందా? అతనే పెట్టి ఉంటే ఆ రూ.300 వదిలేయండి.

రూ.295 సంగతి బలహీనం. బూట్లు విప్పి కొలవాలని బుకింగ్ షరతుల్లో ఉందేమో చూడండి. ఆ వేసవి తర్వాత బడిలో ఎత్తు నమోదు చేసిన హెల్త్ కార్డు ఉండి, అందులో 140 లోపే ఉంటే జత చేయండి. కొలిచే గీత దగ్గర ఒక్క ఫొటో తీసుకుని ఉంటే ఈ గొడవే ఉండేది కాదు.

నీళ్ల సీసా మాట ఎత్తకండి. ఎమ్మార్పీ మించి అమ్మడం తూనికలు కొలతల చట్టం ప్రకారం తప్పే. కానీ కూర్చోబెట్టి వడ్డించే హోటళ్లు, రెస్టారెంట్లు మించి తీసుకోవచ్చని 2017 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. మీరు కొన్నది కౌంటర్లోనా, టేబుల్ దగ్గరా అన్నది బిల్లు లేకుండా ఎలా తేలుస్తారు? కేసు పెట్టాలనుకున్నవాళ్లు బిల్లు పారేస్తారా?

అదృష్టం కొద్దీ టికెట్ కాగితం పోయినా మెయిల్ పోదు. మరిది మెయిల్‌లో ఆ తేదీ వెతికి, కన్ఫర్మేషన్, ట్యాక్స్ ఇన్వాయిస్ డౌన్‌లోడ్ చేయించండి. రెండు చెల్లింపులున్న బ్యాంకు స్టేట్‌మెంట్ తీసుకోండి. ప్రింట్లకు, అవి ఫోన్‌లోంచి తీసినవేనని చెప్పే ధ్రువపత్రం భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 కింద జత చేయాలి. ఫోన్ అతనిది కనుక సంతకం అతనే పెట్టాలి, నిపుణుడి సంతకమూ ఉండాలి. ఇప్పటి వెబ్‌సైట్ స్క్రీన్‌షాట్ తీసి అప్పటిదని మాత్రం పెట్టకండి.

బ్యాంకు ఉపాయం జోలికి అసలు పోవద్దు. మీ క్యూఆర్ కోడ్ గేటు దగ్గర స్కాన్ అయింది, అక్కడే రూ.295 కూడా కట్టారు. లోపలికి వెళ్లి రోజంతా ఆడి, సర్వీసు అందలేదని సంతకం పెడితే అది అబద్ధపు ప్రకటన. పార్కు లాయరు ఆ ఒక్క కాగితం చూపించి మీ నిజాన్ని కూడా అబద్ధం చేసేస్తాడు.

గడువు రెండేళ్లు, 2019 వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 69. మీరు 2026 మే 25లోపే దాఖలు చేయండి. పార్కుకు మెయిళ్లు పెడుతూ కూర్చుంటే గడువు పెరగదు. గడువు దాటితే ఆలస్యానికి తగిన కారణం చూపాలి, 'తీరిక లేదు' అంటే వినరు.

ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు సంఖ్య రాసుకోండి. ఇన్వాయిస్ మీద జీఎస్టీ నంబరు పక్కనున్న కంపెనీ పేరు మీద, బోర్డు మీది పేరు మీద కాదు, 15 రోజుల గడువిచ్చి స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. టికెట్లు మరో యాప్‌లో తీసి ఉంటే ఆ సంస్థనూ ప్రతివాదిగా చేర్చండి. జవాబు రాకపోతే వినియోగదారుల ఫిర్యాదులు ఆన్‌లైన్‌లో వేసే ఈ-జాగృతి పోర్టల్‌లో నల్గొండ జిల్లా కమిషన్‌కే దాఖలు చేయొచ్చు. మీరుండే చోటే వేసే వీలు చట్టం ఇచ్చింది. చెల్లించిన మొత్తం రూ.5 లక్షల లోపు కనుక ఫీజు లేదు, వకీలు తప్పనిసరి కాదు. మరిదిని రెండో ఫిర్యాదుదారుగా చేర్చి, ఇద్దరూ అఫిడవిట్లు ఇవ్వండి.

అడగాల్సింది లాకరు, ఫీజు, గేటు తేడా కలిపి రూ.715. మానసిక వేదనకు రూ.10,000, ఖర్చులకు రూ.5,000. రూ.5 లక్షలని రాస్తే మిగతా ఫిర్యాదును కూడా అదే కంటితో చూస్తారు.