చేప ఒంటిమీద తెల్లని చుక్కలు: మందు ఎప్పుడు ఆపాలి?

ప్రశ్న: మా 50 లీటర్ల తొట్టిలో మూడు గోల్డ్‌ఫిష్‌లు ఉన్నాయి. కొత్తగా తెచ్చిన చేపకూ, తరువాత మరొకదానికీ ఒంటినిండా ఉప్పు చల్లినట్లు తెల్లని చుక్కలు వచ్చాయి. దుకాణంలో ఇచ్చిన నీలిరంగు మందు వేస్తే రెండు రోజుల్లో పోయాయని మందు ఆపేశాను. నాలుగు రోజులకు రెట్టింపుగా వచ్చాయి. మూడో చేపకు మొప్పల మూతల మీద మాత్రమే ఉన్నాయి. నీళ్లన్నీ పారబోసి తొట్టి కడిగేయాలా?
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: ఇది తెల్లమచ్చల వ్యాధి. కారణం ఇక్తియోఫ్తిరియస్ మల్టిఫిలిస్ అనే ఏకకణ పరాన్నజీవి. బహుసంతానం గల చేపపేను అని ఆ పేరుకు అర్థం. చేప చర్మం కింద ఉన్నంతకాలం దానిని నీటిలో కలిపిన మందు చేరలేదు. ఎదిగిన తరువాత అది చర్మాన్ని చీల్చుకొని బయటపడి, అడుగున గులకరాళ్లకు అంటుకొని, చుట్టూ పొర కట్టుకొని వందలాది పిల్లలుగా విడిపోతుంది. ఆ పిల్లలు ఈదుతూ సుమారు రెండు రోజుల్లో చేపను పట్టుకోలేకపోతే చనిపోతాయి. మందుకు చిక్కేది ఆ దశలోనే. అంటే చుక్కలు మాయమైన రోజున మీ చేపలకు నయం కాలేదు, పరాన్నజీవి పిల్లలను పెట్టడానికి కిందికి దిగింది.

నీళ్లన్నీ పారబోయకండి. ఫిల్టరు స్పాంజిని క్లోరిన్ ఉన్న కుళాయి నీటిలో కడిగితే చేపల వ్యర్థాల నుంచి పుట్టే అమ్మోనియా అనే విషాన్ని హరించే మేలుచేసే బాక్టీరియా నశించి, ఆ అమ్మోనియా పెరిగి, నీరసించిన చేపలకు అదే ప్రాణాంతకమవుతుంది. లీటరుకు 2 గ్రాముల చొప్పున 100 గ్రాముల కల్లుప్పును విడిగా నీటిలో కరిగించి, రెండు రోజులలో కొంచెం కొంచెంగా కలపండి. మొక్కలుంటే ముందే తీసేయండి. హీటరుతో నీటి వేడిని గంటకు ఒక డిగ్రీకి మించకుండా 30 డిగ్రీల వరకు పెంచండి. వేడి నీటిలో ప్రాణవాయువు తక్కువగా కరుగుతుంది, ఈ వ్యాధి మొప్పలనూ దెబ్బతీస్తుంది కనుక గాలిపంపు రాత్రింబవళ్లు నడవాలి. రోజూ గొట్టంతో అడుగుచెత్త లాగి, తీసిన నీటికి సరిపడా ఉప్పు కలిపిన, క్లోరిన్ పోయిన నీరు పోయండి. చివరి చుక్క పోయాక కూడా కనీసం ఒక వారం కొనసాగించండి. దయచేసి ఈ వారం రోజులను మాత్రం తగ్గించుకోకండి. వ్యాధి తిరగబెట్టేది ఎక్కువగా ఇక్కడే.

మూడో చేప విషయం వేరు కావచ్చు. మగ గోల్డ్‌ఫిష్‌లకు ఈడు వచ్చినప్పుడు మొప్పల మూతల మీదా, ముందు రెక్కల అంచున కూడా తెల్లని గింజలు లేస్తాయి. అవి వ్యాధి కావు. అయినా పరాన్నజీవి తొట్టి అంతటా ఉంది కనుక దానిని వేరుచేయకుండా మూడింటికీ కలిపే చికిత్స చేయండి. ఇకపై తెచ్చే చేపను మూడు వారాలు వేరే తొట్టిలో ఉంచిన తరువాతే వీటితో కలపండి.