దాడులు జరగడం లేదు కదా, అంటే ఉగ్రవాద నిరోధక విధానం పనిచేస్తున్నట్టేనా?

పెద్ద దాడి జరిగి చాలాకాలమైంది, ఇక ప్రభుత్వ విధానం పనిచేస్తోందా లేదా అని వాదనెందుకు అని ఒకరు అడిగారు. దాడి జరగలేదన్న ఒక్క మాట పట్టుకుని విధానానికి మార్కులు వేయలేమండీ. ఒక దాడి జరిగిందని మొత్తం విధానాన్నీ తీసిపారేయలేం, అది వేరే సంగతి.

నేను కొన్నేళ్లు ఒక షాపింగ్ మాల్‌లో సెక్యూరిటీ సూపర్‌వైజర్‌గా చేశాను. ఎక్కడైనా బాంబు పేలిందంటే చాలు, గేటు దగ్గర మనుషుల్ని పెంచేవాళ్లు, ప్రతి బ్యాగూ తెరిపించమనేవాళ్లు, కార్ల కింద అద్దం పెట్టి చూడమనేవాళ్లు. కొన్ని వారాలయ్యాక క్యూలు పెరిగి కస్టమర్లు విసుక్కుంటుంటే, త్వరగా పంపించేయమని అదే మేనేజ్‌మెంట్ చెప్పేది. మెటల్ డిటెక్టర్ కుయ్‌మంటూనే ఉండేది, ఎవరూ తల తిప్పేవాళ్లు కాదు. రిజిస్టర్‌లో మాత్రం ఇన్ని బ్యాగులు, ఇన్ని వాహనాలు తనిఖీ చేశామని అంకెలు చక్కగా ఉండేవి. మాక్ డ్రిల్ ఎన్ని గంటలకో ముందే చెప్పేసేవాళ్లు కాబట్టి అందులో ఎప్పుడూ పాసే! వెనకవైపు సరుకుల లారీలు వచ్చే గేటు దగ్గర, డబుల్ డ్యూటీ చేసి నిద్రకి తూలుతున్న ఒక్క గార్డు ఉండేవాడు. ఆడిట్‌కి వచ్చినవాళ్లు అటు వెళ్లగా నేను చూడలేదు.

అందుకే ఇన్ని అరెస్టులు, ఇన్ని కెమెరాలు, ఇంత బడ్జెట్ అని ఏ ప్రభుత్వమైనా చెబితే నాకు ఆ రిజిస్టరే కనిపిస్తుంది. ఎంత పని చేశారో దాంట్లో ఉంటుంది, ముప్పు ఎంత తగ్గిందో ఉండదు. అమెరికా విమానాశ్రయాల్లో అక్కడ దేశ భద్రత చూసే హోంలాండ్ సెక్యూరిటీ శాఖవాళ్లే మామూలు ప్రయాణికుల్లా వెళ్లి పరీక్షిస్తే, 70 సార్లలో 67 సార్లు ఆయుధాలో నకిలీ బాంబులో తనిఖీ దాటిపోయాయని 2015లో బయటపడింది. పరువు పోయిన మాట నిజమే, కానీ ముందు చెప్పకుండా తమను తాము పరీక్షించుకున్నారు చూడండి, నాకు నచ్చింది అదే.

అరెస్టుల సంఖ్యనైతే నేను అసలు నమ్మను. భారత్‌లో 1985 నుంచి 1995 దాకా ఉన్న టాడా అనే ఉగ్రవాద నిరోధక చట్టం కింద వేలమందిని పట్టుకున్నారు, శిక్ష పడింది 2 శాతం లోపే. ఉత్తర ఐర్లండ్‌లో 1971 ఆగస్టులో విచారణ లేకుండానే జైల్లో పెట్టడం మొదలుపెట్టి, పాత జాబితాలు పట్టుకుని ఒక్క రోజులో 340 మందికి పైగా ఎత్తుకెళ్లారు. వాళ్లలో చాలామందికి సాయుధ ముఠాలతో సంబంధమే లేదు. బ్రిటన్‌లో ఉండాలా, ఐర్లండ్‌లో కలవాలా అని అక్కడ మూడు దశాబ్దాలు సాగిన ఘర్షణలో ఎక్కువమంది చనిపోయిన సంవత్సరం ఆ మరుసటి ఏడాదే, 1972. ఈ నిర్బంధం ఒక్కటే కారణమని అనను గానీ, ఇంట్లోవాణ్ని ఊరికే పట్టుకుపోయాక ఆ వీధిలో పోలీసుకి సమాచారం చెప్పేదెవరు?

"విజయాలు రహస్యంగా ఉంటాయి, బయటికి చెప్పలేరు" అని కొందరంటారు. కొంతవరకు నిజమే. కానీ 2006లో బ్రిటన్‌లో ద్రవ పేలుడు పదార్థాలతో విమానాలు పేల్చాలన్న కుట్రను నిఘా పెట్టి ఆపారు, ఆ తర్వాత సాక్ష్యాలు కోర్టు ముందు పెట్టి ప్రధాన నిందితులకు శిక్ష వేయించారు. అలాంటి కేసు చూపిస్తే నేనూ ఒప్పుకుంటాను.

దాడి జరగలేదు కాబట్టి పనిచేస్తోందనే వాళ్లకి నేను 2009 సంగతి చెబుతుంటాను. ఉమర్ ఫరూక్ అబ్దుల్‌ముతల్లబ్ అనే కుర్రాడి గురించి భయంగా ఉందని సొంత తండ్రే నైజీరియాలోని అమెరికా ఎంబసీకి వెళ్లి చెప్పాడు. పేరు ఒక డేటాబేస్‌లోకి ఎక్కింది గానీ వీసా రద్దు కాలేదు, విమానం ఎక్కనివ్వకూడని వాళ్ల జాబితాలోకీ చేరలేదు. క్రిస్మస్ రోజు లోదుస్తుల్లో బాంబుతో అమెరికాలోని డెట్రాయిట్‌కి వెళ్లే విమానం ఎక్కేశాడు. అది సరిగ్గా పేలకపోబట్టి, ప్రయాణికులూ సిబ్బందీ మీదపడి పట్టుకోబట్టి దాదాపు 290 మంది బతికారు. వ్యవస్థ పనిచేసిందని అప్పటి హోంలాండ్ సెక్యూరిటీ మంత్రి జానెట్ నపొలిటానో టీవీలో అన్నారు, మర్నాడే ఆ మాట మార్చుకోవాల్సి వచ్చింది.