డ్రోన్ కోర్సుకు గొలుసు తాకట్టు వద్దు, మీ చేతిలో ఉన్న పనికే ముందు శిక్షణ తీసుకోండి

ప్రశ్న: మాది పల్నాడు జిల్లా. నా వయసు 36. సొంతం ఎకరం, కౌలుకు మూడెకరాలు. మిర్చి, పత్తి వేస్తాం. మా పొలంలో పని లేనప్పుడు కూలికి వెళ్తాను. పది తప్పి చదువు మానేశాను. మా ఆవిడ ఇంటర్ పాసైంది, డ్వాక్రా గ్రూపులో ఉంది, కాయ కోతలకు వెళ్తుంది. పిల్లలిద్దరూ బడికి పోతున్నారు. ఈ ఏడు కాయలు అమ్మి, వచ్చే పంటకు కౌలు కట్టేశాక పోస్టాఫీసులో 85 వేలు మిగిలాయి. బయట 1,20,000 అప్పుంది, రెండు రూపాయల వడ్డీ. హైదరాబాద్‌లో ఒక సంస్థ డ్రోన్ పైలట్ కోర్సుకు 60 వేలు అడుగుతోంది. నెలకు 25 వేల ఉద్యోగం గ్యారంటీ అంటున్నారు, ముందు 10 వేలు కట్టి సీటు ఉంచుకోమంటున్నారు. మా ఆవిడ మూడు కాసుల గొలుసు తాకట్టు పెట్టమంటారా, పోస్టాఫీసు డబ్బు తీయమంటారా? ఊళ్ళో ఎవరి తైవాన్ స్ప్రేయర్ (పెట్రోలుతో నడిచే మందు కొట్టే యంత్రం) పాడైనా నా దగ్గరికే తెస్తారు. బాగుచేసి ఇస్తాను, ఇచ్చింది తీసుకుంటాను. అదే పని టౌనుకెళ్ళి పేటలో చేయిస్తే మూడొందలు తీసుకుంటారు.

జవాబు: ఆ 10 వేలు ఇంకా కట్టకపోతే కట్టకండి. మన దేశంలో డ్రోన్ నడిపే సర్టిఫికెట్‌కు 2021 డ్రోన్ నిబంధనలు వర్తిస్తాయి. వాటి ప్రకారం వయసు 18 నుంచి 65 ఏళ్ళ లోపు ఉండాలి, పదో తరగతి పాసై ఉండాలి. మీరు పది తప్పానని రాశారు. అంటే ఇవాళ 60 వేలు కట్టినా ఆ సర్టిఫికెట్ మీ పేరున రాదు. మీ చదువెంతో అడక్కుండానే ఆ సంస్థ వాళ్ళు అడ్వాన్స్ అడిగారంటే, వాళ్ళ ఉద్యోగం గ్యారంటీని ఏమని నమ్మాలి? ఒకవేళ డబ్బు ఇప్పటికే కట్టేసి ఉంటే రసీదు చూపించి, అర్హత లేదు కాబట్టి వెనక్కివ్వమని రాతపూర్వకంగా అడగండి. కాదంటే 1915కి ఫోన్ చేయండి. అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్.

మీరు పది పాసై ఉన్నా నా సలహా మారేది కాదు. కారణం డ్రోన్ ధర. పొలాల్లో మందు కొట్టే డ్రోన్ బ్యాటరీలు, ఛార్జర్లు, జనరేటర్ అన్నీ కలుపుకుంటే పది లక్షల దాకా అవుతుంది. సర్టిఫికెట్ మీ దగ్గరుండి డ్రోన్ వేరొకరి దగ్గరుంటే, ఆ ఆసామి పిలిచిన రోజే మీకు పని. మందు కొట్టే సీజన్ పోయాక ఆ పిలుపులూ తగ్గిపోతాయి. గొలుసు మీద వడ్డీ మాత్రం పన్నెండు నెలలూ నడుస్తుంది. ఏ శిక్షణకైనా నేను ముందుగా అడిగేది ఒక్కటే: నేర్చుకున్న మర్నాడు ఆ పని చేయడానికి కావాల్సిన సామాను మీ ఇంట్లో ఉంటుందా? ఉంటే వెళ్ళండి. లేకపోతే, ఆ సామాను కొనే దారి కనిపించాక వెళ్ళండి.

శిక్షణ సంగతి మాట్లాడేలోపు మీ అప్పు గురించి చెప్పాలి. మీ ఉత్తరంలో నన్ను అన్నిటికంటే ఇబ్బంది పెట్టింది అదే. 1,20,000 మీద రెండు రూపాయల వడ్డీ అంటే నెలకు 2,400, ఏడాదికి 28,800. పోస్టాఫీసు సేవింగ్స్ ఖాతాలో మీ 85 వేలకు వచ్చేది ఏడాదికి 4 శాతం. ఒక చేత్తో 24 శాతం కడుతూ, ఇంకో చేత్తో 4 శాతానికి దాచుకుంటున్నారు. చేతిలో కొంత ఉండాలన్న మీ భయం నాకు అర్థమవుతుంది. అందుకే మొత్తం ఊడ్చి అప్పుకు కట్టమనను. 40 వేలు తీసి అసలులో జమ చేయండి. 30 వేలు కదపకుండా ఉంచండి, అది ఇంట్లో జబ్బుకీ, వాన రాని నెలకీ. మిగిలిన 15 వేల గురించి తర్వాత చెప్తాను.

ఇక గొలుసు. దాన్ని తాకట్టు పెట్టే అవసరమే ఉందనుకుంటే, ఆ అవసరం ఫీజు కాదు, మిగిలిన 80 వేల అప్పు. ప్రభుత్వ బ్యాంకులో గానీ సొసైటీలో గానీ వ్యవసాయ బంగారు రుణం తీసుకుంటే వడ్డీ 9, 10 శాతం దగ్గర ఉంటుంది. 24 గ్రాముల మీద 80 వేలు ఇబ్బంది లేకుండా ఇస్తారు. ఆ డబ్బుతో బయటి అప్పు పూర్తిగా తీర్చి, ప్రోనోటు వెనక్కి తీసుకుని మీ కళ్ళ ముందే చింపించండి. తొమ్మిదిన్నర శాతం లెక్కన చూస్తే ఏడాది వడ్డీ 7,600. ఇప్పుడు కట్టే 28,800లో 21,200 మిగులుతుంది. 40 వేల మీద పోస్టాఫీసు ఇచ్చే 1,600 పోతుంది, పోనివ్వండి. కొత్త పనేదీ నేర్చుకోకుండానే, ఒక్క రోజు కూలి మానకుండానే ఇంత మిగులుతుంది. బ్యాంకు రుణం గడువు లోపల, కాయలు అమ్మిన నెలలోనే కట్టేయాలి. గడువు దాటి వేలం నోటీసు వచ్చేదాకా తెచ్చుకోవద్దు. గొలుసు మీ ఆవిడది. ఈ లెక్క ఆమెతో కూర్చుని వేయండి, ఆమె సరేనంటేనే బ్యాంకుకు వెళ్ళండి.

ఇప్పుడు పని సంగతికి వద్దాం. తైవాన్ స్ప్రేయర్ల గురించి మీరు ఉత్తరం చివర రెండు మూడు మాటలు రాసి వదిలేశారు. నాకు అసలు విషయం అక్కడే కనిపించింది. 2021లో నల్లతామర పురుగు వచ్చిన దగ్గర్నుంచి మిర్చికి మందు కొట్టే తడవలు ఎంత పెరిగాయో నాకంటే మీకే బాగా తెలుసు. డ్రమ్ములో మందు కలిపాక స్ప్రేయర్ ఆగిపోతే ఆ రైతు పేటకు పోయి రెండు రోజులు ఆగలేడు. కలిపిన మందు నిలవుంచితే పనికిరాదు, కూలీలు గట్టు మీద కూర్చుంటారు. ఆ గంటలో ఊళ్ళోనే బాగుచేసే మనిషి ఉంటే రైతు బేరమాడడు.

ఆ స్ప్రేయర్ బళ్ళలో వచ్చే తేడాలు కూడా చాలావరకు పదే పదే వచ్చేవే. పోయిన సీజన్ పెట్రోలు ట్యాంకులో అలాగే వదిలేస్తే కార్బురేటర్‌లో జిగురు పట్టి బండి స్టార్ట్ కాదు. ఆయిల్ తక్కువ కలిపితే పిస్టన్ గీతలు పడుతుంది, ఎక్కువ కలిపితే ప్లగ్ నల్లబడుతుంది. మందు ఉప్పులకు పంపు సీళ్ళు అరిగిపోతాయి. స్టార్టర్ తాడు తెగుతుంది. వీటిలో సగం మీకు చేత్తో వచ్చు. పిస్టన్, రింగులు, క్రాంక్ బేరింగు దాకా వెళ్ళాలంటే మాత్రం కొలతలు తెలియాలి, కుదురుగా నేర్చుకోవాలి. శిక్షణ మీకు కావాల్సింది అక్కడ, అది ఉచితంగా దొరుకుతుంది.

మొదట అడగాల్సింది ఆర్‌సెటిలో. జిల్లాల్లో బ్యాంకులు నడిపే గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థ అది. 1982లో కర్ణాటకలోని ఉజిరెలో ధర్మస్థల ట్రస్టూ రెండు బ్యాంకులూ కలిసి పెట్టిన సంస్థను చూసి, ఆ పద్ధతినే దేశమంతా తెచ్చారు. ఫీజు లేదు, తిండీ బసా వాళ్ళే చూస్తారు. మీ వయసు పరిమితి లోపలే ఉంది. మోటార్ రీవైండింగ్ (కాలిన మోటారుకు తీగ మళ్ళీ చుట్టడం), టూవీలర్ మెకానిక్ లాంటి కోర్సులు నెల రోజులు. మీకు ఈ రెండూ పనికొస్తాయి. టూవీలర్ కోర్సులో ఇంజిన్ విప్పడం, బిగించడం వస్తుంది, స్ప్రేయర్‌లోనూ, కలుపు తీసే పవర్ వీడర్‌లోనూ ఉన్నది చిన్న ఇంజినే కదా. రీవైండింగ్ వస్తే బోరు మోటార్లు చేతికొస్తాయి. వోల్టేజి పడిపోయి మోటారు కాలిన రోజున రైతు ఇంకేమీ ఆలోచించడు. ఏదో ఒకటే ఎంచుకోవాలంటే ముందు టూవీలర్ కోర్సు చేయండి, స్ప్రేయర్లకు దగ్గర కాబట్టి. శిక్షణ అయ్యాక రెండేళ్ళ దాకా వాళ్ళు మిమ్మల్ని కనిపెట్టుకుని ఉంటారు, బ్యాంకు రుణం ఇప్పించడంలో సాయపడతారు. ఆ రెండేళ్ళనూ వాడుకోండి, సిగ్గుపడకుండా ఫోన్ చేయండి.

ఇంకో చోటు అనంతపురం దగ్గర గార్లదిన్నె. అక్కడ కేంద్ర వ్యవసాయ శాఖ వారి దక్షిణ ప్రాంత వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షల సంస్థ ఉంది. ఇలాంటివి దేశంలో నాలుగే. ట్రాక్టర్లు, పనిముట్లు వాడటం, మరమ్మతు చేయడం మీద బ్యాచ్‌లు నడుపుతారు. ఆర్‌సెటి అయ్యాక, ట్రాక్టర్ పనిముట్ల వైపు కూడా పోవాలనిపిస్తే అప్పుడు చూసుకోండి.

ఉచితమన్నంత మాత్రాన ఖర్చు లేదనుకోకండి. నెల రోజులు మీరు ఇంట్లో ఉండరు. రోజు కూలి 500 అనుకుంటే 25 పనిరోజులకు 12,500. అందుకే ఏ నెలలో వెళ్తారన్నది ముఖ్యం. కాయ కోతలు ఏప్రిల్‌తో అయిపోతాయి, పత్తి విత్తడానికి జూన్ రావాలి. మే నెలలో పొలాల్లో కూలి దొరికేదే తక్కువ. బ్యాచ్ మే మొదటి వారంలో మొదలయ్యేలా ఇప్పుడే పేరు రాయించుకోండి. ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు పాస్‌బుక్, ఫోటోలు తీసుకెళ్ళండి. మంది నిండాకే బ్యాచ్ మొదలుపెడతారు కాబట్టి మీ ఊరి కుర్రాళ్ళు ఇద్దరు ముగ్గుర్ని వెంటబెట్టుకెళ్తే పని తొందరగా అవుతుంది.

ఆపి ఉంచిన 15 వేలు ఇక్కడ వాడాలి. మంచి స్పానర్ల సెట్టు, పుల్లర్, ఫీలర్ గేజ్, మిగతాది స్పేర్లకు: ప్లగ్గులు, రింగులు, సీళ్ళు, తాళ్ళు, డయాఫ్రంలు. మీ ఊళ్ళో ఏ కంపెనీ బళ్ళు ఎక్కువో చూసుకుని వాటికి సరిపడేవే కొనండి. అద్దె కొట్టు వద్దు, వరండా చాలు. వారానికి ఐదు బళ్ళు, బండికి చేతికూలి 200 అనుకుందాం. వారానికి వెయ్యి, సెప్టెంబర్ నుంచి ఫిబ్రవరి దాకా 26 వారాలకు 26 వేలు. స్పేర్ల మీద వచ్చేది అదనం. దీనితో ఇల్లు గడవదు, మొదటి ఏడాదే వ్యవసాయం మానేయమని నేను చెప్పను. కానీ వడ్డీలో మిగిలిన 21,200తో కలిపితే 47 వేలు దాటుతుంది. పంట పోయిన ఏడు కూడా ఆగని డబ్బు అది.

పల్లెల్లో రిపేరు కొట్లు మూతపడేది పని రాక కాదు, అరువుల వల్ల. "కాయలు అమ్మాక ఇస్తాలే" అన్న మాటకు మొహమాటపడ్డారా, స్పేర్లకు పెట్టిన డబ్బు ఊళ్ళో ఇరుక్కుపోతుంది. స్పేరు ఖరీదు ముందు తీసుకోండి, చేతికూలి కావాలంటే పద్దు రాసుకోండి. ఫోన్ పే స్కానర్ ఒకటి గోడకు అంటించండి. డబ్బు ఖాతా ద్వారా వస్తే రేపు బ్యాంకు మేనేజరుకు చూపించడానికి ఆధారం ఉంటుంది. ఒక సీజన్ అలా గడిచాక ముద్రా రుణం అడగండి. శిశు విభాగంలో 50 వేల దాకా తాకట్టు లేకుండా ఇస్తారు. రీవైండింగ్ యంత్రం కొనడానికి ఆ అప్పు చేయండి, తప్పు లేదు. అది రెండో రోజు నుంచే పని చేసి పెట్టే సామాను.

డ్రోన్ మీద మీకున్న ఆశ మాత్రం వదులుకోనక్కర్లేదు. మీ ఇంట్లో ఆ అర్హత ఉన్న మనిషి మీ ఆవిడ. ఇంటర్ పాసైంది, సంఘంలో ఉంది. కేంద్రం 2023 నవంబర్‌లో ఆమోదించిన నమో డ్రోన్ దీదీ పథకం ఆమెలాంటి వాళ్ళ కోసమే పెట్టింది. ఎంపికైన మహిళా సంఘానికి డ్రోన్ ఖరీదులో 80 శాతం, గరిష్ఠంగా 8 లక్షలు సబ్సిడీ. సంఘంలో ఒకరికి 15 రోజుల శిక్షణ అందులోనే కలిసి ఉంటుంది. మిగతా మొత్తానికి వ్యవసాయ మౌలిక వసతుల నిధి కింద రుణం, వడ్డీలో 3 శాతం రాయితీ. కొత్త ఎంపికలు జరుగుతున్నాయో లేదో గ్రామ సంఘం ద్వారా వెలుగు ఆఫీసులో ఆమెనే కనుక్కోమనండి. అప్పు సంఘం మీద పడుతుంది కాబట్టి, చుట్టుపక్కల ఎన్ని ఎకరాలకు డ్రోన్‌తో కొట్టించుకుంటారో ముందు లెక్క తీయాలి. ఆమె శిక్షణకు వెళ్తే ఆ 15 రోజులూ పిల్లల్ని మీరు చూసుకోవాలి.

ఇద్దరికీ ఖాతా ఉన్న బ్యాంకులోనే ఏడాదికి 20 రూపాయల ప్రమాద బీమా, 436 రూపాయల జీవిత బీమా చేయించండి. ఒక్కోదానికి 2 లక్షల రక్షణ ఉంటుంది.

మీరు పదో తరగతి ఏపీ ఓపెన్ స్కూల్లో కట్టండి. పాసయ్యాక, బయటి అప్పు తీరాక డ్రోన్ మీద మనసు ఇంకా ఉంటే గుంటూరు లాంలోని రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయంలో అడగండి, అక్కడ డ్రోన్ పైలట్ శిక్షణ ఉంది. వేరే ఎక్కడ చేరినా డీజీసీఏ (కేంద్ర పౌర విమానయాన నియంత్రణ సంస్థ) అనుమతి పత్రం చూపించమనండి. వాళ్ళ దగ్గర కిందటేడు నేర్చుకున్న ముగ్గురి ఫోన్ నంబర్లు అడిగి తీసుకుని, ఏడాదిలో ఎన్ని నెలలు పని దొరికిందో వాళ్ళ నోటే విన్నాక ఫీజు కట్టండి.