అమెరికాలో తుపాకి కొంటే మన పేరు గవర్నమెంటు లిస్టులోకి ఎక్కుతుందా?

అడిగినాయన గ్రీన్ కార్డు మీద ఉన్నారట. పిస్టల్ కొంటే వాషింగ్టన్‌లో ఏదో చిట్టాలో తన పేరు పడిపోతుందేమోనని భయం. నేనూ గ్రీన్ కార్డు మీద ఉన్నప్పుడే టెక్సాస్‌లో ఒకటి కొన్నాను. నన్నడిగితే, మీరు భయపడాల్సింది ప్రభుత్వానికి కాదు.

కొట్లో 4473 అనే ఫారం చేతిలో పెట్టారు. పుట్టిన ఊరు, ఎత్తు, బరువు, జాతి, గ్రీన్ కార్డు నంబరు, అన్నీ రాయాలి. కౌంటీ అన్న గడిని నేను కంట్రీ అని చదువుకుని యూఎస్ఏ అని రాసేశా. అమ్మే పెద్దాయన కళ్ళజోడు పైనుంచి నన్నోసారి చూసి, అది కొట్టేసి పక్కన పొట్టి సంతకం, తేదీ వేయమన్నాడు. ఇక మన పేర్లు! ఈ దేశంలో నా ఇంటిపేరు ఒక్కో కార్డు మీద ఒక్కో చోట ఉంటుంది. కొనేవాడి మీద నేరాలేమైనా ఉన్నాయా అని చూసే ఎఫ్‌బీఐ చెక్‌లో ‘డిలే’ అని వచ్చింది. పేరు వల్లే, ఇంకేం కారణముంటుంది? మూడో రోజుకి గానీ సరే అనలేదు.

చెక్ పాసైతే ఎఫ్‌బీఐ మన వివరాలను 24 గంటల్లోపు చెరిపేయాలి. ఫారం మాత్రం కొట్లోనే ఉంటుంది. ఇదివరకు 20 ఏళ్ళు దాటితే పారేసేవాళ్ళు, 2022 నుంచి కొట్టు నడిచినన్నాళ్ళూ దాచాల్సిందే. కొట్టు మూతపడితే ఆ అట్టపెట్టెలన్నీ వెస్ట్ వర్జీనియాలోని మార్టిన్స్‌బర్గ్‌లో ఉన్న ప్రభుత్వ ఆఫీసుకి పోతాయి. అక్కడ స్కాన్ చేస్తారు కానీ పేరు కొట్టి వెతకడం కుదరదు. ఎవరి దగ్గర ఏ తుపాకి ఉందో రాసుకునే రిజిస్ట్రీ దేశం మొత్తానికి ఒకటి పెట్టకూడదని 1986లోనే చట్టం చేశారు మరి. నేరంలో ఏదైనా తుపాకి దొరికితే, తయారుచేసిన కంపెనీ దగ్గర మొదలుపెట్టి వరసగా ఫోన్లు చేసుకుంటూ రావాలి. ఒకే కొట్లో ఐదు పనిదినాల్లో రెండు పిస్టళ్ళు కొన్నారో, ఆ కబురు మాత్రం పైకి, ప్రభుత్వానికి వెళ్తుంది.

కాలిఫోర్నియా వాళ్ళు నా మాట నమ్ముకోకండి. అక్కడ రాష్ట్రమే రికార్డు పెడుతుంది. 2022 జూన్‌లో తుపాకి వెంట ఉంచుకునే లైసెన్సున్న వాళ్ళ వివరాలు ప్రభుత్వ వెబ్‌సైట్‌లోంచే బయటపడ్డాయి.

అసలు సంగతి ఇప్పుడు చెప్తా. మా ఆవిడకి చెప్పకుండా కొన్నాను. క్రెడిట్ కార్డు గీకాను, జేబులో ఫోన్ ఉంది. వారం తిరక్కుండా ఆవిడ టాబ్లెట్‌లో, ఆవకాయ వీడియో మధ్యలో, పిస్టల్ నడుముకి తగిలించుకునే తోలు ఒర యాడ్ వచ్చింది. "ఏమండీ, ఇది నాకెందుకు చూపిస్తున్నాడు?" అంది. నా మొహం చూశాక మళ్ళీ అడగాల్సిన పని పడలేదు.

కాబట్టి కొంటే క్యాష్ ఇవ్వండి, ఫోన్ ఇంట్లో పెట్టి వెళ్ళండి. మా ఇంట్లో గన్ సేఫ్ నంబరు ఇప్పుడు ఆవిడకి తప్ప ఎవరికీ తెలీదు, నాతో సహా.