నిద్ర పట్టేటప్పుడు ఒళ్లు ఎందుకు ఉలిక్కిపడుతుంది?

కన్ను మూతపడుతుండగా మెట్టు తప్పి పడిపోతున్నట్టు అనిపించడం, కాలు ఒక్కసారిగా విదిలించుకుని మెలకువ రావడం... దీన్ని హిప్నిక్ జర్క్ అంటారు. జబ్బు కాదు, భయపడకండి. చాలామందికి ఎప్పుడో ఒకప్పుడు వచ్చేదే.

మెలకువ నుంచి నిద్రలోకి జారే తొలి నిమిషాల్లో కండరాలు వదులవుతాయి. ఆ మార్పు సాఫీగా సాగక, మెదడు కాండం నుంచి హఠాత్తుగా సంకేతం వెళ్లి కండరాలు బిగుసుకుంటాయని నిపుణుల అంచనా. ఆ క్షణంలో గుండె దడదడలాడడం, పక్కన పడుకున్నవాళ్లు లేచి ‘ఏమైంది?’ అని అడగడం మామూలే.

నిద్ర చాలకపోయినా, టెన్షన్ ఉన్నా, కాఫీ ఎక్కువైనా ఇవి పెరుగుతాయి. నాకైతే సాయంత్రం కాఫీ మానేశాక బాగా తగ్గాయి. పగలు మెలకువగా ఉన్నప్పుడు కూడా కుదుపులు వస్తున్నా, నిద్రలో నాలుక కొరుక్కుంటున్నా మాత్రం ఆలస్యం చేయకుండా న్యూరాలజిస్టును కలవండి.